నల్లబల్లపై రెండు గీతలు: హెచ్.ఐ.వి. పటముపై ఒక విమర్శ

ఉపాధ్యాయుడు గంటసేపు చెప్పినను పట్టుపడని విషయము నల్లబల్లపై రెండు గీతలు గీచినంతనే విద్యార్థికి పట్టుపడుట కలదు. అందుచేతనే పటమునందు దొరలిన లోపము మాటయందు దొరలిన లోపముకంటె ఎక్కువకాలము నిలుచును. మాటను మరచిన విద్యార్థియు గీతను మరువడు. హెచ్.ఐ.వి. అను వైరసును గూర్చి పాఠము చెప్పునప్పుడు ప్రపంచమంతటను వాడబడుచున్న ప్రసిద్ధ పటము ఒకటి కలదు. అది గొప్ప పటమే. అయినను దానిని ఉన్నదున్నట్లుగా తరగతిగదిలోనికి తెచ్చుట నేడు తగునా యని విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నెల్లూరు తీరమున స్వర్ణముఖి యొడ్డున నాయుడుపేట యున్నది. చెన్నైనుండి ఉత్తరమునకు పోవు రైలుమార్గమును, జాతీయ రహదారియును ఈ యూరిమీదుగనే పోవును. తిరుపతి మార్గము ఇక్కడనే చీలును. ఇట్టి యూరిలో ఒక ఉన్నతపాఠశాల ఉపాధ్యాయుడు ఈ పటమును బల్లపై గీచెననుకొందము. ముందున్న పిల్లలలో ఏ యొకరి యింటనో ఈ వైరసు సోకినవారు ఉండవచ్చును. ఆ సంగతి ఉపాధ్యాయునకు తెలియదు, తెలియనక్కరయు లేదు. కాని ఆ బిడ్డ మాత్రము ఆ గీత ఎచ్చట ముగియునో కన్నార్పక చూచుచుండును.

పటము ఏమి చూపును?

ఈ పటమును 1993లో జ్యుసెప్పె పంతలేయో, సిసీలియా గ్రజియోసి, ఆంథొనీ ఫౌచీ అను శాస్త్రజ్ఞులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను వైద్యపత్రికలో ప్రచురించిరి. తరువాత అది కొద్దిపాటి మార్పులతో పాఠ్యగ్రంథములన్నింటను వ్యాపించినది. దానిలో అడ్డుగీత కాలమును చూపును. నిలువుగీతలు రెండు. ఎడమ గీతపై రక్తములోని సి.డి.4 కణముల లెక్కయు, కుడి గీతపై వైరసు పరిమాణమును గుర్తింపబడియుండును.

సి.డి.4 కణములు మన రక్తములోని తెల్లకణములలో ఒక తెగ. ఇతర రక్షకకణములకు ఉత్తరువు లిచ్చి నడపునవి ఇవియే. ఆరోగ్యవంతునియందు ఘనమిల్లీమీటరు రక్తములో ఇవి సుమారు 500 మొదలు 1,500 వరకు ఉండును. హెచ్.ఐ.వి. ప్రవేశించి నాశనము చేయునది ముఖ్యముగా ఈ కణములనే.

పటములో వైరసు గీత మొదటి కొన్ని వారములలో కొండవలె లేచును. అదే సమయమున సి.డి.4 గీత లోయవలె దిగును. కొందరికి ఈ దశలో జ్వరము, గొంతునొప్పి, ఒంటిపై దద్దురులు కలిగి, ఒకటి రెండు వారములలో వానియంతట నవియే తగ్గిపోవును. సాధారణ జ్వరమని రోగియు, ఒక్కొక్కప్పుడు వైద్యుడును దానిని మరచిపోదురు. పిమ్మట శరీరము ఎదురుతిరుగును, వైరసు గీత తగ్గును, సి.డి.4 గీత కొంత కోలుకొనును. అటుపైని సుమారు పది సంవత్సరములు సి.డి.4 గీత మెల్లమెల్లగా వాలుచుండును. తుదకు అది 200కు దిగువకు రాగా వైరసు గీత మరల పైకి లేచును. ఆ పిమ్మట ఇతర రోగములు పైబడును. గీత కడపట మరణమను మాట వ్రాయబడియుండును.

పటముయొక్క గుణము

ఈ పటముయొక్క మొదటి గుణము మధ్యనున్న ఆ దీర్ఘమైన సమతలము. ఆ సంవత్సరములలో మనిషి పొలము దున్నును, బండి నడపును, పిల్లలను పెంచును. చూచువారికి అతనియందు లోపమేమియు కనబడదు. కావున కంటితో చూచి ఈ వైరసును గుర్తించుట అసాధ్యమని పటము ఒక్క చూపులో బోధించును.

దీనికి నిదర్శనము నాయుడుపేటకు నూరు కిలోమీటర్లకు కొంచెము పైబడిన దూరముననే దొరకును. 1986లో మద్రాసు వైద్యకళాశాలలో డాక్టరు సునీతి సోలమన్ మార్గదర్శకత్వమున డాక్టరు సెల్లప్పన్ నిర్మల యను విద్యార్థిని రక్తపు నమూనాలను సేకరించినది. వానిని పరీక్షించు వసతి ఆనాడు ఆ కళాశాలలో లేకుండెను. వేలూరునందలి క్రైస్తవ వైద్యకళాశాలకు కొనిపోయి పరీక్షింపగా ఆరు నమూనాలలో వైరసు జాడ కనబడినది. తరువాత అమెరికాలో జరిగిన పరీక్షలు దానిని ధ్రువపరచినవి. మన దేశములో ఈ వైరసు కలదని తేలినది అప్పుడే. అది తేలినది ముఖలక్షణములచేత కాదు, రక్తపరీక్షచేత.

వేసవిలో స్వర్ణముఖి యిసుకమేటను చూచినవాడు ఏరు ఎండిన దనును. చెలమ త్రవ్వినవాడు నీరున్న దనును. ఇరువురును చూచినది ఒక్క ఏటినే. హెచ్.ఐ.వి. విషయమున రక్తపరీక్షయే చెలమ. ఈ సత్యమును ఇంత సులభముగా చూపిన పటము మరియొకటి లేదనవచ్చును. ఇక లోపములు.

కాలమానములోని చిక్కు

పటమును శ్రద్ధగా చూచిన విద్యార్థికి అడ్డుగీత మధ్య ఒక విరుపు కనబడును. విరుపునకు ఎడమప్రక్కన వారములు, కుడిప్రక్కన సంవత్సరములు. అనగా ఒకే గీతపై రెండు కొలబద్దలు. పండ్రెండు వారముల కథ పటములో గణనీయమైన భాగమును ఆక్రమించును; పది సంవత్సరముల కథ మిగిలిన భాగమున ఇరుకుకొనును. ఈ విరుపును చెప్పకయే గీచినచో తొలిదశ చాలకాలము సాగునని విద్యార్థి భ్రమించును. నిలువుగీతలయందును ఇట్టి చిక్కే యున్నది. సి.డి.4 లెక్క సమమానముపై గీయబడినది. నేటి గ్రంథములలో వైరసు లెక్క సంవర్గమానముపై గీయబడుచున్నది. దానిలో ఒక్కొక్క మెట్టు పదిరెట్లు. సి.డి.4 గీత ఒక మెట్టు దిగుటయు, వైరసు గీత ఒక మెట్టు దిగుటయు సమానము కావు. గణితము చెప్పు ఉపాధ్యాయునకు ఇది మంచి ఉదాహరణము.

ఈ కొలబద్దల సంగతి కేవలము గణితవిషయము కాదు. రోగనిర్ణయములోని ముఖ్యమైన మెలకువ ఆ మొదటి వారములయందే కలదు. సాధారణ శీఘ్రపరీక్ష వెదకునది వైరసును కాదు. వైరసునకు ఎదురుగా శరీరము తయారుచేసిన ప్రతిరక్షకములను. అవి తయారగుటకు కాలము పట్టును. శీఘ్రపరీక్షకు సోకిననాటినుండి 23 మొదలు 90 దినములు పట్టవచ్చును. వైరసు అంశమును, ప్రతిరక్షకములను కలిపి వెదకు ప్రయోగశాల పరీక్షకు 18 మొదలు 45 దినములు. వైరసుయొక్క జన్యుపదార్థమునే వెదకు పరీక్షకు 10 మొదలు 33 దినములు. ఈ మధ్యకాలమున పరీక్షలో ఏమియు కనబడకపోవచ్చును. కాని పటములో వైరసు గీత శిఖరమున నుండునది సరిగా ఆ రోజులలోనే. ప్రసిద్ధ పటములోని ముఖ్యమైన గీతలు రెండే. ప్రతిరక్షకముల గీత తరగతిగది ప్రతులలో తరచుగా మరుగుపడును. పరీక్షను బోధింపదలచిన ఉపాధ్యాయునకు ఆ మూడవ గీతయే ముఖ్యము.

శిశువుల విషయము మరియొక రీతిగ నుండును. తల్లి ప్రతిరక్షకములు గర్భములోనే బిడ్డకు సంక్రమించి పదునెనిమిది నెలలవరకును నిలువవచ్చును. కావున ఆ వయస్సులో ప్రతిరక్షకములు కనబడినంతమాత్రమున బిడ్డకు వైరసు సోకినదని చెప్పరాదు. జన్యుపదార్థ పరీక్షయే అక్కడ శరణ్యము.

ఒక్క పరీక్ష చాలునా?

పటమును చూచిన విద్యార్థి పరీక్షయన్నది ఒక్కమారు రక్తము తీసి అవునో కాదో చెప్పుట యని తలచును. ఒక చిన్న లెక్క ఈ భ్రమను తొలగించును. పదివేలమందిలో ఏబదిమందికి వైరసు సోకినదనుకొందము. సోకనివారిలో నూటికి ఒక్కరిని మాత్రమే పొరపాటున సోకినట్లు చూపు పరీక్ష ఒకటి కలదనుకొందము. వినుటకు అది మంచి పరీక్షయే. సోకిన ఏబదిమందిని అది తప్పక పట్టుకొన్నను, సోకని 9,950 మందిలో సుమారు నూరుమందిని కూడ పట్టును. అనగా పట్టుబడిన నూటయేబదిమందిలో నూరుమంది నిర్దోషులు! నేటి పరీక్షలు ఇంతకంటె మేలైనవే యైనను, సూత్రము మాత్రము ఇదియే.

కావుననే మన దేశములో లక్షణములు లేనివారికి వేరువేరు పద్ధతులపై నిర్మించిన మూడు పరీక్షలు ఒకదాని తరువాత నొకటి చేయుదురు. మొదటిదానిలో జాడ కనబడినచో రెండవది, దానిలోను కనబడినచో మూడవది. మూడును ఏకీభవించిన పిమ్మటనే సోకినదని చెప్పుదురు. ఒక్క పరీక్ష కాగితమును చూచి గుండె చెదరినవారికి ఈ లెక్క తెలిసియుండిన ఎంత మేలు!

నిద్ర కాని నిద్ర

పటములోని సమతలమునకు గ్రంథములు ఇచ్చిన పేరు గుప్తదశ. ఈ మాట రోగియొక్క లక్షణములను గూర్చి మాత్రమే నిజము. విద్యార్థి దానిని వైరసును గూర్చిన మాటగా గ్రహించి, వైరసు పదేండ్లు నిద్రించి పిమ్మట మేల్కొనునని తలచును. ఇది పెద్ద పొరపాటు.

చెరువు మట్టము కదలకున్నంతమాత్రమున నీరు కదలుటలేదని చెప్పగలమా? కాలువనుండి వచ్చునంత నీరు తూమునుండి పోవుచున్నప్పుడును మట్టము కదలదు. వచ్చు కాలువను అకస్మాత్తుగా మూసినచో మట్టము ఎంత వేగముగా దిగునో చూచి, అంతవరకు ఎంత నీరు వచ్చుచుండెనో లెక్కగట్టవచ్చును. 1995లో డేవిడ్ హో బృందమును, జార్జి షా బృందమును చేసినది ఇట్టి పనియే. వైరసు పెరుగుదలను ఆపు మందులను రోగులకిచ్చి, రక్తములోని వైరసు దిగు వేగమును కొలిచిరి. మరుసటి సంవత్సరము అలన్ పెరెల్సన్, హో మొదలగువారు కట్టిన లెక్కప్రకారము, నిశ్చలముగ కనబడు ఆ దశలోనే దినమునకు సుమారు 1,000 కోట్ల వైరసు కణములు పుట్టి నశించుచున్నవి. 1993లోనే పంతలేయో, ఫౌచీలు కూడ ఈ దశలో శోషరస గ్రంథులయందు వైరసు చురుకుగానున్నదని చూపియుండిరి. కావున దోషము పటకర్తలది కాదు, పేరుది. పెద్దలను సైతము దారితప్పించిన పేరు పిల్లలను తప్పింపదా?

ఒక్క గీత, పెక్కుమంది మనుష్యులు

పటములోని గీత ఏ యొక్క మనిషిదియు కాదు, పెక్కుమంది సగటు. కొందరిలో ఆ పదేండ్లు రెండు మూడేండ్లకే ముగియును. మరికొందరిలో ఇరువది యేండ్లైనను సి.డి.4 గీత వాలదు. ఒకే మనిషిలోనైనను ఆ లెక్క ఉదయము ఒకరీతి, సాయంత్రము ఒకరీతి యుండవచ్చును. జలుబు చేసినను మారవచ్చును.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990లో ఈ రోగగమనమును లక్షణములనుబట్టి నాలుగు దశలుగా విభజించినది. మొదటి దశలో లక్షణములు లేకపోవుట, లేదా గ్రంథులు మాత్రమే ఉబ్బియుండుట. రెండవ దశలో బరువు కొంత తగ్గుట, సర్పి, మాటిమాటికి నోటిపుండ్లు. మూడవ దశలో బరువు పదవవంతుకు మించి తగ్గుట, నెలకు మించిన జ్వరము లేక విరేచనములు, నోటిలో తెల్లని పూత, ఊపిరితిత్తుల క్షయ. నాలుగవ దశలో శరీరము క్షీణించిపోవుట, ఒక విధమైన న్యూమోనియా, మెదడు పొరలకు బూజు సోకుట, ఇతరావయవముల క్షయ మొదలగునవి. ప్రయోగశాలలు లేని పల్లెలలో వైద్యునకు తోడ్పడుటకై ఏర్పరచిన విభజన యిది. ఆ పనికి అది ఉపకరించినది.

కాని ఈ నాలుగు దశలను ప్రసిద్ధ పటముక్రింద నాలుగు మెట్లుగా వ్రాయుట అలవాటైనది. అక్కడ తప్పు వచ్చినది. క్షయరోగము మెట్లకొరకు వేచియుండదు, సి.డి.4 లెక్క బాగుగనున్నప్పుడును రావచ్చును. మరియొకరికి లక్షణమొక్కటియు లేకున్నను లెక్క 200కు దిగువన ఉండవచ్చును. ఇందుచేతనే ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో ముదిరిన వ్యాధికి క్రొత్త నిర్వచన మిచ్చినది: సి.డి.4 లెక్క 200కు తక్కువగా నుండుట, లేదా మూడవ నాలుగవ దశల లక్షణములుండుట. అయిదేండ్లలోపు బిడ్డలైనచో సోకినవారందరును. కన్నును లెక్కయు రెండును వలెనని దీని భావము.

ఈ లక్షణములలో ఏదియు హెచ్.ఐ.వి.కి మాత్రమే చెందినది కాదు. చిక్కిపోయినవానికి మధుమేహము ఉండవచ్చును. దగ్గువానికి వట్టి క్షయ ఉండవచ్చును. దశల పట్టికను కంఠస్థము చేసి పొరుగువారిని పరీక్షింపబూనుట విజ్ఞానము కాదు. పట్టిక వైద్యునికొరకు, విద్యార్థికి వలసినది పరీక్ష ఎచ్చట చేయుదురో తెలిసియుండుట.

గీత ఎచ్చట ముగియవలెను?

అన్నింటికంటె పెద్ద లోపము పటముయొక్క కుడి అంచున ఉన్నది. 1993లో అచ్చట మరణమని వ్రాయుట న్యాయమే. ఆనాడు తగిన మందులు లేవు. 1996నాటికి మూడు మందులను కలిపి వాడు చికిత్స వచ్చినది. మన దేశములో 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వ వైద్యాలయములలో ఈ మందులు ఉచితముగా ఇచ్చుట ఆరంభమైనది. కావున ఆ పటము చికిత్స లేని రోగముయొక్క చరిత్రయే గాని, నేటి రోగియొక్క జాతకము కాదు.

చికిత్స వచ్చిన పిమ్మటను చాలకాలము సి.డి.4 గీత బాగుగా దిగువరకు మందులీయక వేచియుండిరి. మందుల దుష్ఫలితములు, వెల, కొరత ఇందుకు కారణములు. గుప్తదశయందు తొందర లేదను భావనయు దీనికి తోడైనది. 2015లో వెల్లడియైన ఒక మహాపరీక్ష ఈ సందేహమును తీర్చినది. 35 దేశములలో 4,685 మందిని రెండు భాగములుగ చేసి, ఒక భాగమునకు లెక్క 500కు పైనున్నప్పుడే మందు లిచ్చిరి. రెండవ భాగమునకు 350కి దిగువరకు ఆగిరి. ముందుగా మందు తీసికొన్నవారిలో తీవ్రరోగములు, మరణములు కలిసి 57 శాతము తక్కువగా నుండెను. 2017నుండి మన దేశములోను లెక్కతో పనిలేక, సోకినదని తేలిన ప్రతివారికిని మందు లిచ్చుచున్నారు.

చికిత్సవలన మరియొక ప్రయోజనము కలదు. చెన్నై, పుణె నగరములుకూడ పాల్గొన్న తొమ్మిది దేశముల పరిశోధనలో 1,763 జంటలను పరిశీలింపగా, ముందుగా మందు వాడినవారినుండి భాగస్వామికి వైరసు సోకుట 96 శాతము తగ్గినదని 2011లో తేలినది. రక్తములో వైరసు కొలతకందనంతగా తగ్గి, అట్లే నిలిచియున్నచో, లైంగిక సంబంధమువలన ఇతరులకు సోకదని తరువాతి పరిశోధనలు స్థాపించినవి.

నల్లబల్లపై చేయదగిన మార్పులు

పటమును తోసివేయనక్కరలేదు, సవరించుకొన్న చాలును. ఉపాధ్యాయుడు మొదట అడ్డుగీతపై విరుపును పెద్దదిగా చూపి, వారములు ఎచ్చట ముగిసి సంవత్సరములు ఎచ్చట మొదలగునో వ్రాయవలెను. రెండవది, ప్రతిరక్షకముల గీతను వేరొక రంగు సుద్దతో చేర్చి, పరీక్షకు చిక్కని దినములను గీతలతో నింపి చూపవలెను. మూడవది, గుప్తదశ యనుటకు మారుగా లక్షణములు లేని దశ యని వ్రాయవలెను. నాలుగవది, సి.డి.4 గీతను ఒక్కటిగా కాక, త్వరగా దిగునది, ఆలస్యముగా దిగునది, మధ్యస్థమైనది అని మూడుగా గీయవలెను. అయిదవది, సమతలముపై ఎచ్చటనైనను ఒక చుక్కపెట్టి చికిత్స యని వ్రాసి, అచ్చటినుండి రెండు గీతలను క్రొత్తగా నడపవలెను. కొన్ని నెలలలో వైరసు గీత కొలతకు దిగువకు పోవును, సి.డి.4 గీత పైకి ప్రాకును. మందు మానినచో వైరసు గీత మరల లేచును గనుక, మందు జీవితాంతము విడువరాదనియు అచ్చటనే చెప్పవచ్చును.

ఏ గీతకును అందని విషయము మరియొకటి కలదు. 2018 సెప్టెంబరు 10వ తేదీన అమలులోనికి వచ్చిన చట్టప్రకారము, సమ్మతి లేక ఎవరికిని ఈ పరీక్ష చేయరాదు, ఫలితమును బయటపెట్టరాదు, విద్యాలయములలో సోకినవారిపట్ల భేదము చూపరాదు. పరీక్షకు ముందును తరువాతను మాటలాడి ధైర్యము చెప్పువారు ప్రభుత్వాసుపత్రుల పరీక్షాకేంద్రములలో కలరు. పరీక్ష ఉచితము. 1097 అను సంఖ్యకు ఫోనుచేసి ఎవరైనను సలహా పొందవచ్చును. బల్లపై ఒక మూలన ఈ సంఖ్యను వ్రాసి, పాఠము ముగిసినను చెరుపక యుంచుట మంచిది.

పాఠము ముగిసిన పిమ్మట తరగతిలోని ఆ యొక బిడ్డ ఇంటికి ఏ గీతను తీసికొనిపోవునో ఉపాధ్యాయుడు ఎన్నటికిని ఎరుగజాలడు. చికిత్స యను చుక్కదగ్గర మొదలై బల్ల అంచువరకు సాగిన గీతను తీసికొనిపోయినచో, ఆ యింటిలో ఒక పెద్ద మరునాడు ఆసుపత్రికి పోవుటకు వెనుదీయకపోవచ్చును.